నెత్తిమీద కిటికీ



ఇంటి కప్పుకి చిల్లు పడితే మనకి నిద్ర పట్టదు. మరి డబ్బు ఎక్కువ పోసి కారు కప్పుకి చిల్లు పెట్టించుకుంటున్నాం కదండీ, దాని సంగతి ఎంతమందిమి చూస్తున్నాం? సన్‌రూఫ్ అనే ఆ అద్దపు తలుపు గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం. కార్ల గొడవ మగవాళ్లది, మనకెందుకంటారా? తడిసిన సీట్లు ఆరబెట్టేదీ, దెబ్బ తగిలిన పిల్లని ఒళ్లో వేసుకునేదీ మనమే.

మొన్న దసరా సెలవులకి మా మరిది హైదరాబాదు నుంచి కొత్త కారులో తాటిపాక వచ్చాడు. నీడ కదా అని పెరట్లో కొబ్బరిచెట్టు కింద పెట్టాడు. ఆ వారంలో రెండు వానలు పడ్డాయి. ఓ ఉదయం చూస్తే ముందు సీటు ముద్దయిపోయి ఉంది. కాళ్లకింద మ్యాటు ఎత్తితే నీళ్లు! "అద్దం సరిగా బిగించలేదు వదినా, మోసపోయాను" అని ఒకటే బాధ. మెకానిక్కు వచ్చి చూసి, "అద్దం బాగానే ఉందండి, నీళ్లు పోయే దారే పూడిపోయింది" అన్నాడు.

అద్దం చుట్టూ రబ్బరు ఉన్నా, అది నీటిని పూర్తిగా ఆపదట. కొంత నీరు దిగుతుందని తెలిసే, అద్దం అంచుల కింద చిన్న కాలవ, దాని మూలల్లో కన్నాలు పెడతారు. వాటినుంచి సన్నటి గొట్టాలు కారు ఒంట్లోంచే దిగి నీటిని కింద వదులుతాయి. చేలకి మురుగుకాలవ ఎలాగో దీనికి ఆ గొట్టాలు అలాగ. మురుగుకాలవ పూడితే ఏమవుతుందో కోనసీమవాళ్లకి ఒకరు చెప్పాలా? 2011లో మన రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో అదీ ఒకటి. మా మరిది కారులో రాలిన కొబ్బరిపూత దుమ్ముతో కలిసి కన్నాలకి అడ్డం పడింది. అంతే.

కనుక తొలకరికి ముందొకసారి, దసరా వానలకి ముందొకసారి అద్దం తెరిచి, ఆ కాలవలో చెత్త మెత్తటి తడిగుడ్డతో తుడవండి. తరవాత చిన్న గ్లాసుడు నీళ్లు మూలలో నెమ్మదిగా పొయ్యండి. కాసేపటికి కారు కింద కారాలి. కారకపోతే మెకానిక్కుని పిలవండి. కొబ్బరి ఈనె చేతిలో ఉంది కదా అని పొడిచెయ్యకండి. లోపల గొట్టం ఊడితే నీరంతా కారులోకే వస్తుంది. రబ్బరుకి కొబ్బరినూనె రాయకండి, జిడ్డుకి దుమ్ము పడుతుంది. అద్దం జరిగే పట్టాలకి కారు పుస్తకంలో చెప్పిన గ్రీజే, అదీ కొంచెమే రాయాలి. వాన వెలిసిన వెంటనే తెరవకండి, పైన నిలిచిన నీరు తలమీద పడుతుంది. ఇక చెట్టు కిందంటారా, పూత రాలితే తుడుచుకోవచ్చు గానీ, కాయో మట్టో పడితే అద్దం మిగలదు.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. ఆ సెలవుల్లోనే అంతర్వేది బయల్దేరాం. మా మరిది కూతురు, ఏడేళ్లది, సీటెక్కి ఆ కిటికీలోంచి తల బయటపెట్టి నించుంది. గాలికి జుట్టెగురుతుంటే కేరింతలు! మా అత్తగారు మురిసిపోయారు. నేనూ చూసి నవ్వాను గానీ, వద్దని అనలేదు. రాజోలు దాటాక గేదె అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. పిల్ల గడ్డం అద్దం అంచుకి కొట్టుకుని పెదవి చిట్లింది. నా కొంగంతా రక్తం. పెదవితో పోయింది, పైన వేలాడే తీగో మట్టో మెడకి తగిలి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకుండా నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అలా ఉంచండి, ఆ రోజు "కిందికి దిగవే అమ్మా" అనడానికి నాకు నోరెందుకు రాలేదా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. మీరు మాత్రం మొహమాటపడకండి. కారు ఎవరిదైనా, పిల్లలు మనవాళ్లే.

వెలుతురుకి పెట్టిన కిటికీని వెలుతురుకే ఉంచుదాం. నీటికి దాని దారి వదులుదాం, పిల్లల్ని సీట్లోనే కూచోబెడదాం. సెలవు.