లాకుల దగ్గర నేర్చుకున్న పాఠం



నేను ఇంజనీరింగ్ మొదట నేర్చుకున్నది కాలేజీలో కాదు, మన బడి పక్క లాకుల దగ్గర. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక, గోదావరి కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారి కూడా ఇచ్చాయి. ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, "లాకు తలుపులు ఎగువ వైపు ముక్కులా ఎందుకు కలుస్తాయిరా?" అని అడిగారు. ఎవరమూ చెప్పలేకపోయాం. నీళ్లు తోసేకొద్దీ అవి మరింత బిగుసుకుంటాయని ఆయనే చెప్పారు. పక్కనున్న ఇటుకల వంతెన కమానుదీ అదే గుణం. బరువు పడేకొద్దీ ఇటుకలు ఒకదాన్నొకటి అదుముకుంటాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో అలాంటి వంతెననే సరిగా పరీక్షించకుండా "శిథిలం" అని రాసి సంతకం పెట్టాను. దాన్ని కూల్చడానికి యంత్రానికి నాలుగు రోజులు పట్టింది. ఆ సంతకం నన్ను ఇంకా వదల్లేదు.

ఇప్పుడు మన వంతెన గురించీ అదే మాట వినిపిస్తోంది. లారీలకు కొత్తది కట్టుకుందాం. పాతదాన్ని ముందు పరీక్ష చేయిద్దాం. నిలిచేదైతే రావి మొక్కలు పీకించి, సందులు సున్నంతో పూయించి, నడిచేవాళ్లకు ఉంచమని అడుగుదాం. లెక్కలు నేను వేసిస్తాను. మాస్టారి ప్రశ్న రేపటి పిల్లలను కూడా అక్కడే నిలబెట్టి అడగాలి.