రిజిస్టరు నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"కంప్యూటర్ ఇంజినీరువి కదా, అసలు ఏం చేస్తావు?" అని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. వెబ్‌సైట్లలో మీకు తెర మీద కనబడేదాన్ని తయారుచేస్తాను. అందులోని కష్టం చెప్పాలంటే మన తొమ్మిదో తరగతికి వెళ్ళాలి.

అప్పుడు నేను క్లాస్ లీడర్ని. నల్లబల్ల మూలన హాజరు రాయడం నా పని. ఒకరోజు బల్ల మీద 42, రిజిస్టరులో 41. తలలు లెక్కపెట్టి రాశానని చెబితే లెక్కల మాస్టారు, "బల్ల మీద అంకె రిజిస్టరు చూసి రాయాలిరా. లెక్క రెండుచోట్ల పెడితే ఎప్పుడో ఒకప్పుడు తేడా వస్తుంది" అన్నారు.

ఆ మాట మరిచిపోయి, చాలా ఏళ్ళ తర్వాత పెద్ద తప్పు చేశాను. ఒక ఆసుపత్రి కోసం చేసిన తెర అది. నర్సు ఒక రోగి పేరు నొక్కి, వెంటనే ఇంకో పేరు నొక్కారు. పైన రెండో రోగి పేరు, కింద మొదటి రోగి మందులు కనబడ్డాయి. మొదటి రోగి వివరాలు సర్వర్ నుంచి ఆలస్యంగా వచ్చి, రెండో రోగి వివరాలను తుడిచేశాయి. ఆమె గమనించారు కాబట్టి సరిపోయింది. ఆ కోడ్ రాసింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పేరు ఒకచోట, మందులు ఒకచోట విడివిడిగా దాచడమే నా తప్పు. తర్వాత "ఇప్పుడు ఎంచుకున్న రోగి ఎవరు" అన్నది ఒక్కచోటే ఉంచాం. పేరు, మందులు, అలర్జీ హెచ్చరిక అన్నీ దాన్నిబట్టే వచ్చేలా కట్టాం. రోగి మారగానే పాత మందులు తెర మీంచి పోతాయి. పాత జవాబు ఆలస్యంగా వస్తే దాన్ని పట్టించుకోం. ఆర్‌ఎక్స్‌జేఎస్‌లో ఈ పనికి స్విచ్‌మ్యాప్ అనే సాధనం ఉంది.

దీన్ని రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా సంగతి మీకు తెలిసిందే. ఎక్సెల్‌లో ఒక మార్కు దిద్దితే మొత్తం దానంతటదే మారుతుంది. 1979లో వచ్చిన విజికాల్క్ నుంచీ ఉన్న పద్ధతే. మొత్తాన్ని మనం చేత్తో దిద్దం, మార్కును దిద్దుతాం.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు ఒక్కటే చెబుతాను. ఏదైనా దాచేముందు, ఉన్నదాంట్లోంచి దాన్ని లెక్కకట్టగలమా అని చూడండి. కట్టగలిగితే దాచకండి.

మాస్టారూ, ఆ 42వ వాడు మీరు హాజరు పిలిచాక గోడ దూకి వచ్చాడు. మీకు చెప్పి రిజిస్టరు దిద్దించాల్సింది. నేను బల్ల దిద్దాను. వాడి పేరు ఇప్పుడూ చెప్పను. ఆఖరి వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు.