వైర్‌లెస్ ఫ్లాష్ కొనే ముందు మీ కెమెరా నెత్తిన ఏముందో చూడండి

ఈ మధ్య నాకు వస్తున్న మెసేజ్‌లలో ఎక్కువగా ఉన్న ప్రశ్న ఒకటే. "అన్నా, డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకున్నా, చిన్న చిన్న ఫంక్షన్‌లు షూట్ చేద్దామనుకుంటున్నా, ఏ వైర్‌లెస్ ఫ్లాష్ కొనాలి?" సో ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తాను. తెనాలిలో మా పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్. అప్పుడు నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నా. కొత్తగా ఒక ఫ్లాష్ కొన్నా. బాక్స్ మీద వైర్‌లెస్ అని పెద్ద అక్షరాలు, రేటు కూడా తక్కువ. స్టేజీ పక్కన స్టాండ్ వేసి దాని మీద పెట్టా. నా కెమెరాలో ఉన్న చిన్న ఫ్లాష్ వెలిగితే అదీ వెలుగుతోంది. సూపర్ అనుకున్నా. కాసేపటికి చూస్తే నేను బటన్ నొక్కకపోయినా అది టపటపా కొడుతూనే ఉంది!

ఏం జరిగిందంటే, డబ్బులిచ్చి పిలిపించిన ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉన్నాడు కదా, ఆయన క్లిక్ కొట్టిన ప్రతిసారీ నా ఫ్లాష్ కూడా వెలుగుతోంది. పెద్దవాళ్లు అక్షింతలు వేస్తున్న ఫొటోల్లో అమ్మాయి ముఖం ఒక పక్క మొత్తం తెల్లగా కాలిపోయింది. ఆయన దిగొచ్చి, "తమ్ముడూ, ఆ స్టాండ్ మీద ఉన్నది నీదేనా? ముందు దాన్ని ఆపు" అన్నాడు. అప్పటికే పావుగంట అయింది. అక్షింతలు మళ్లీ వేయించలేం కదా. ఆల్బమ్‌లో ఆ రెండు పేజీలు వచ్చినప్పుడల్లా మా పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూస్తుంది, ఇప్పటికీ.

సో మొదటి పాయింట్ అదే. వైర్‌లెస్ అంటే ఒకటి కాదు, రెండు. ఒకటి ఆప్టికల్. అంటే ఫ్లాష్‌లో ఒక సెన్సర్ ఉంటుంది, వేరే ఫ్లాష్ వెలుగు కనపడగానే అదీ వెలుగుతుంది. ఎస్1, ఎస్2 అని రాసి ఉండే మోడ్‌లు ఇవే. ఎస్2 మోడ్ ముందుగా వచ్చే చిన్న ప్రీఫ్లాష్‌ను వదిలేస్తుంది, అంతే తేడా. అది మీ వెలుగా, పక్కవాడి వెలుగా అన్నది దానికి తెలియదు. పైగా ఎండలో సరిగ్గా పట్టుకోదు, మధ్యలో మనిషి అడ్డం వచ్చినా కష్టమే. ఇంట్లో ఒక్కళ్లే కూర్చుని ప్రాడక్ట్ ఫొటోలు తీసుకోవడానికి ఓకే. నలుగురు కెమెరాలతో తిరిగే ఫంక్షన్‌కి మాత్రం వద్దు.

రెండోది రేడియో. మన వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఇవీ ఎక్కువగా నడుస్తాయి. కెమెరా మీద ట్రిగ్గర్ ఒకటి పెడతాం, అది స్టాండ్ మీదున్న ఫ్లాష్‌కి సిగ్నల్ ఇస్తుంది. ఛానెల్ సెట్ చేసుకుంటాం కాబట్టి పక్కవాళ్ల ఫ్లాష్‌తో గొడవ లేదు. గోడాక్స్ టీటీ600, యాంగ్‌నువో వైఎన్560 నాలుగో మోడల్ లాంటి వాటిలో రిసీవర్ లోపలే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. కంపెనీ ఏదైనా సరే, ఫీచర్లలో "బిల్ట్ ఇన్ రేడియో" అన్న మాట ఉందా లేదా అన్నది చూడండి. ఉత్త "వైర్‌లెస్ స్లేవ్" అని ఉంటే అది నా తెనాలి ఫ్లాష్ టైపే అయ్యుండొచ్చు.

ఇప్పుడు అసలైన సంగతి. మీ కెమెరా పైన ఫ్లాష్ దూర్చే గాడి ఉంది కదా, హాట్ షూ అంటాం. ఇప్పుడే మీ ఫోన్ టార్చ్ వేసి అందులోకి చూడండి. మధ్యలో కొంచెం పెద్దగా, గుండ్రంగా ఒక మెటల్ చుక్క ఉండాలి. చవక ఫ్లాష్‌లు, చవక ట్రిగ్గర్‌లు అన్నీ పనిచేసేది ఆ ఒక్క చుక్క మీదే. కెనాన్ వాళ్లు తక్కువ రేటు కెమెరాల్లో కొన్నిటికి దాన్ని తీసేశారు. 3000డీ, 200డీ మార్క్ 2, ఇంకా చాలా 1500డీలలో అది ఉండదు. మన దగ్గర కుర్రాళ్లు మొదటి కెమెరాగా కొనేవి ఇవే కదా! కొన్న ట్రిగ్గర్ కెమెరా మీద పెడతారు, లైట్లు వెలుగుతాయి, క్లిక్ కొడితే ఫ్లాష్ రాదు. పీస్ పాడైందని రిటర్న్ పెడతారు, ఇంకోటి వస్తుంది, అదీ పనిచేయదు. తప్పు ఫ్లాష్‌ది కాదు.

మరి ఆ కెమెరా ఉన్నవాళ్లు ఏం చేయాలి? కెనాన్ కోసమే చేసిన టీటీఎల్ ట్రిగ్గర్‌లు మిగతా చిన్న పిన్‌ల ద్వారా మాట్లాడతాయి, వాటిలో కొన్ని పనిచేస్తాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాల్సి రావచ్చు. కంపెనీ ఇచ్చే సపోర్ట్ లిస్ట్‌లో మీ మోడల్ పేరు కళ్లతో చూశాకే ఆర్డర్ పెట్టండి. "అన్ని కెనాన్‌లకీ పనిచేస్తుంది" అని సెల్లర్ రాస్తే నమ్మొద్దు. ఇంకో మాట, ట్రిగ్గర్ కెనాన్‌కి వేరు, నికాన్‌కి వేరు, సోనీకి వేరు. పేరు చివర ఒక్క అక్షరమే తేడా ఉంటుంది, సి, ఎన్, ఎస్ అని. తొందరలో తప్పుది కొనేస్తారు, జాగ్రత్త.

టీటీఎల్ కావాలా, మాన్యువల్ చాలా? టీటీఎల్ అంటే ఎంత వెలుగు కావాలో కెమెరానే కొలుచుకుంటుంది. బారాత్‌లో మనుషులు ముందుకీ వెనక్కీ కదులుతుంటే అది నిజంగా పనికొస్తుంది. కానీ స్టాండ్ మీద ఒకచోట పెట్టే ఫ్లాష్‌కి మాన్యువల్ చాలు అని నా అభిప్రాయం. స్టేజీ కదలదు, ఫ్లాష్ కదలదు. రెండు టెస్ట్ షాట్‌లు తీసి, పవర్ 1/8 అనో 1/4 అనో పెట్టుకుంటే ఇక ముట్టుకోనక్కర్లేదు. నేర్చుకోవడానికి కూడా అదే మంచిది.

గైడ్ నంబర్ చూసి మోసపోకండి. టీటీ600కి 60 అని ఉంటుంది. నికాన్ ఎస్‌బీ-910కి 34 అని ఉంటుంది. దాదాపు డబుల్ అనుకుంటాం. కానీ ఆ 60 అనేది ఫ్లాష్ తల 200 ఎంఎం జూమ్‌లో ఉన్నప్పుడు, ఆ 34 ఏమో 35 ఎంఎంలో. జూమ్ చేస్తే వెలుగు ఒకచోటికి చేరుతుంది కాబట్టి నంబర్ పెరుగుతుంది, బల్బు పెద్దదైనట్టు కాదు.

ఎండలో పోర్ట్రెయిట్‌లు తీసేవాళ్లు మాత్రం హెచ్ఎస్ఎస్ ఉందో లేదో చూసుకోండి. మామూలుగా 1500డీలో ఫ్లాష్‌తో 1/200 సెకను దాకానే వెళ్లగలం. ఫంక్షన్ హాల్లో తీసేవాళ్లకి దాని అవసరం దాదాపు రాదు.

బ్యాటరీల దగ్గర పిసినారితనం వద్దు. నాలుగు డబుల్ ఏ సెల్స్ పడతాయి. రిమోట్‌లో వేసే సెల్స్ వేస్తే తాళి కట్టే టైమ్‌కి ఫ్లాష్ చార్జ్ అవుతూ కూర్చుంటుంది. ఎన్ఐఎంహెచ్ రీచార్జబుల్ సెల్స్, కనీసం రెండు సెట్లు ఉంచుకోండి. ఇంటికి రాగానే సెల్స్ బయటకు తీసేయండి. అన్నట్టు, రెండో ఫ్లాష్ కొనేటప్పుడు మొదటి దాని సిస్టమ్‌లోదే కొనండి. గోడాక్స్ ట్రిగ్గర్ యాంగ్‌నువో ఫ్లాష్‌తో మాట్లాడదు.

సరే, టార్చ్ వేసి చూశారా? మధ్య చుక్క ఉందో లేదో, మీ కెమెరా మోడల్‌తో సహా కామెంట్‌లో రాయండి. చుక్క లేని వాళ్లకి ఏ ట్రిగ్గర్ పనిచేస్తుందో వచ్చే ఎపిసోడ్‌లో కెమెరా మీద పెట్టి చూపిస్తా. ఉంటాను ఫ్రెండ్స్.