సునామీ కబురు మన వాడకి చేరేదెలా
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)

పొద్దుటి నుంచి బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు విని అలిసిపోయుంటారు. నన్ను సునామీ హెచ్చరిక గురించి చెప్పమన్నారు. భోజనాల టైము అవుతోంది కాబట్టి తొందరగానే ముగిస్తాను.

మన దివిసీమలో పెద్దవాళ్లని ఎవరిని అడిగినా 1977 నవంబరు 19 ఉప్పెన గురించి చెప్తారు. అది తుఫానుతో వచ్చిన ఉప్పెన. సునామీ అట్లా కాదు. సముద్రం అడుగున భూమి కదిలితే వస్తుంది. గాలి ఉండదు, వాన ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది. 2004 డిసెంబరు 26న అట్లాగే వచ్చింది. ఆదివారం, పౌర్ణమి. పొద్దున్న ఆరున్నరకి సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది. ఆ నీళ్లు మన తీరం తాకడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. అంతసేపట్లో మనకి ఒక్క కబురు రాలేదు. మంగినపూడిలో స్నానాలకి దిగినవాళ్లు కొట్టుకుపోయారు. మన రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు.

ఆ తర్వాతే ప్రభుత్వం కదిలింది. 2005లో చట్టం చేసి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థని పెట్టారు. దానికి ప్రధానమంత్రే అధ్యక్షుడు. 2007 అక్టోబరులో హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే ఆఫీసులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసేంటని నవ్వొస్తుంది గానీ, అక్కడ రాత్రింబవళ్లు మనుషులు కూర్చునే ఉంటారు. భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే మొదటి కబురు ఇస్తారు. తర్వాత సముద్రం అడుగున పెట్టిన మిషన్లు, రేవుల్లో నీటి మట్టం కొలిచే మిషన్లు చూసి, అల వస్తుందా రాదా, ఎంత ఎత్తు అని చెప్తారు.

ఆ కబురు ఢిల్లీకీ, మన తాడేపల్లి దగ్గరున్న రాష్ట్ర విపత్తుల సంస్థకీ వెళ్తుంది. అక్కడి నుంచి బందరు కలెక్టరేటు, తహసీల్దారు, సచివాలయం. పడవల్లో వెతికి మనుషుల్ని కాపాడే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉన్నారు. ఈ దారంతా సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటానికే 2017 నవంబరు 24న తూర్పు తీరం రాష్ట్రాలన్నిట్లో ఒకేసారి మాక్ డ్రిల్లు పెట్టారు.

సచివాలయం దాకా ఫోన్లు, మెసేజీలు. అక్కడి నుంచి మన వాడకి? మైకు పట్టుకుని ఒక్క మనిషి ఎన్ని వీధులు తిరుగుతాడు? ప్రతి పది ఇళ్లకీ ఒక సంఘం ఉంది. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఎవరు మంచం పట్టారు, ఎవరికి చెవుడు, ఇవన్నీ తహసీల్దారు గారికి తెలియవు, మనకి తెలుసు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తుఫాను అంటే మనం ఏం చేస్తాం? వేటకి పోయినవాళ్లకి ఫోను చేసి "వెంటనే వచ్చెయ్యండి" అంటాం. సునామీకి అట్లా అనకూడదు. లోతు నీళ్లలో ఆ అల పడవకి తెలియను కూడా తెలియదు. ఒడ్డుకి దగ్గరయ్యే కొద్దీ లేస్తుంది. మన మీద బెంగతో మనవాళ్లు ఒడ్డుకి తిరిగారంటే సరిగ్గా ఆ అలకే ఎదురొస్తారు. లోతులో ఉన్నవాళ్లని అక్కడే ఉండమనాలి, అధికారులు చెప్పేదాకా రావద్దనాలి. భయంలో ఈ మాట నోటికి రాదు. అందుకే ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. ఒడ్డున కట్టేసిన పడవ కోసం, వలల కోసం మాత్రం ఎవ్వరినీ పోనివ్వొద్దు.

సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయి ఇసుక బయటపడితే చేపలేరుకోడానికి పిల్లలు పరిగెత్తుతారు. అప్పుడు ఏ కబురు కోసమూ చూడక్కర్లేదు, ఊళ్లోకి నడవడమే. మనది చదును నేల, ఎక్కడానికి కొండ లేదు. తుఫాను షెల్టరో, గట్టి మేడో ఎక్కాలి, లేదా సముద్రానికి దూరంగా పోవాలి. ఏటి గట్టు, డ్రెయిను గట్టు పట్టుకుని పోవద్దు, నీళ్లు ఆ దారినే ఎక్కొస్తాయి. మొదటి అల పోయింది కదా అని ఇంటికి తిరిగి రావద్దు. తర్వాత వచ్చేది ఇంకా పెద్దదవ్వొచ్చు.

"2012లో ఉత్తినే భయపెట్టారు కదా" అని కొందరంటారు. నిజమే, ఆ ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర అంత పెద్ద భూకంపం వచ్చినా నేల పక్కకి జరిగింది గానీ పైకి లేవలేదు. పెద్ద అల రాలేదు, హెచ్చరిక తీసేశారు. నన్నడిగితే ఒక పూట పని పోయింది, అంతే.

సమాఖ్యని నేను అడిగేది ఇది. ప్రతి గ్రామ సంఘం మినిట్స్ బుక్కులో ఒక పేజీ దీనికి పెట్టాలి. ఎత్తలేని మనుషులున్న ఇళ్లు, ఆ ఇంటికి వెళ్లాల్సిన ఇద్దరు సభ్యుల పేర్లు, షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో రాయాలి. జిల్లా కంట్రోల్ రూం 1077, రాష్ట్రానిది 1070. ఈ రెండు నంబర్లు ఆ పేజీ పైనే ఉండాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, తీర్మానం రాయిద్దాం.