గట్టు తెలిసిన చేతులు, దస్తావేజు తెలియని చేతులు

(దళిత బహుజన విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన తమ్ముళ్లు విషయం సూటిగా చెప్పారు. "మనవాళ్లకు మొదటి తరం ఉద్యోగాలు వస్తున్నాయి, నాలుగు రూపాయలు మిగులుతున్నాయి. ప్లాటో ఇల్లో కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, అది చెప్పండి" అన్నారు. అంబేడ్కరైట్ల సభలో రియల్ ఎస్టేట్ ముచ్చటేమిటని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ వ్యవసాయ భూమి ప్రభుత్వపరం కావాలనీ, కుల మత భేదం లేకుండా ఊరివాళ్లకు సాగుకు ఇవ్వాలనీ ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన రాజ్యాంగంలోకి రాలేదు. భూమి అంగడి సరుకుగానే ఉండిపోయింది. అది సరుకుగా ఉన్నంతకాలం, కొనేవాళ్ల వరసలో మనం ఎక్కడ నిలబడ్డాం అన్న ప్రశ్న మనల్ని వదలదు.

బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఉండటానికి గది దొరకక, కర్రలు పట్టుకొచ్చిన మనుషులు బెదిరిస్తే పార్సీ సత్రం ఖాళీ చేసిన మనిషి బాబాసాహెబ్. ఆ తర్వాత ఆయనే దాదర్‌లోని హిందూ కాలనీలో రాజగృహ కట్టుకున్నారు. అందులో తన పుస్తకాలకు చోటు కల్పించుకున్నారు. సొంత గోడ విలువ ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దేశ జనాభాలో షెడ్యూల్డు కులాల వాటా 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగు విస్తీర్ణంలో మన వాటా 9 శాతానికి లోపే. ఆ కొద్ది భూమిలోనూ చాలా భాగం చిన్న కమతాలే. అంటే తాత ఇచ్చిన ఎకరం అమ్మి సిటీలో ప్లాటు కొనే అవకాశం మనలో ఎక్కువమందికి లేదు. జీతంతోనే మొదలుపెట్టాలి. అందుకే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ముందు అర్థం చేసుకోవాలి.

రియల్ ఎస్టేట్‌లో డబ్బు రెండోది. మొదటిది కబురు. రోడ్డు ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుంది, ఏ రైతు బిడ్డ పెళ్లి పెట్టుకున్నాడు, ఏ అన్నదమ్ములు పంచుకోబోతున్నారు, ఏ చెరువు కింద ఆయకట్టు బీడు పడింది. ఇవి ముందు తెలిసినవాడే ముందు కొంటాడు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఆ కబురు వాడలోకి వచ్చేసరికి ఎకరాల్లో అమ్మిన నేల గజాల్లోకి మారిపోయింది. ఎకరానికి 4,840 గజాలు, గుంటకు 121 గజాలు. ఎకరాల్లో కొని గజాల్లో అమ్మేవాడిది లాభం. గజాల్లో కొనేవాడిది జీతం.

ఆ కబురు ఎక్కడ తిరుగుతుంది? ఫంక్షన్ హాళ్లలో, కుల సంఘం భోజనాల్లో, బంధువుల ఫోన్లలో తిరుగుతుంది. ఒక బంధువు కాంట్రాక్టరు, ఇంకొకరు వకీలు, మరొకరు బ్యాంకు మేనేజరు. పదిమంది కలిసి బయానా ఇస్తారు, ఆరు నెలల గడువు రాయించుకుంటారు, గడువు లోపలే ఇంకొకరికి తిప్పేస్తారు. మొత్తం సొమ్ము వాళ్లు పెట్టరు, పెట్టేది నమ్మకం. ఆ నమ్మకానికి పూచీ కులం. దీన్నే పుస్తకాల్లో నెట్‌వర్కింగ్ అని రాస్తారు. మీలో సామాజిక శాస్త్రాలు చదివేవాళ్లు ఆ మాట చదివినప్పుడల్లా దాని వెనక ఉన్న పెళ్లి భోజనం గుర్తుపెట్టుకోండి.

ఇక స్థానిక జ్ఞానం. ఇది మనకు లేనిది అనుకోవడం పొరపాటు. ఊరి హద్దులు తెలిసినవాళ్లు ఎవరు? మహారాష్ట్రలో హద్దు తగాదా వస్తే మహర్ మాట విన్నారు, అతను వతన్ కింద ఊరి సేవకుడు. ఆ వతన్ అసలుకు కట్టుబానిసత్వమని బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసన మండలిలో సవరణ బిల్లు పెట్టారు. మన దగ్గర వెట్టి, తలారి, నీరటి. మా నాయన నీరటి. ఏ తూము కింద ఏ మడి తడుస్తుందో, పెద్ద వానకు నీళ్లు ఎంతదాకా ఎక్కుతాయో, ఏ రాయిని ఎవరు జరిపారో ఆయనకు తెలుసు. సర్వేయరు వస్తే గొలుసు ఒక కొస పట్టుకున్నది ఆయనే. నక్షా మీద సంతకం మాత్రం ఇంకొకరిది. గట్టు మనకు తెలుసు, దస్తావేజు వాళ్లకు తెలుసు. మన కష్టమంతా ఈ రెంటి మధ్య ఉన్న దూరమే.

ఆ జ్ఞానం ఇవాళ ఎంత విలువైందో చూడండి. చెరువు పూర్తి మట్టంలోనూ, దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లోనూ ప్లాట్లు కొన్నవాళ్లు ఉన్నారు. 2024లో హైడ్రా వచ్చాక కూల్చివేతల వార్తలు మీరంతా చూశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాల్లో 1996 నాటి 111 జీవో నిర్మాణాలను కట్టడి చేసినా, ఆ ఊళ్లలోనూ ప్లాట్లు అమ్మారు. వేసవిలో బస్సెక్కించి చూపిన వెంచర్‌లో నీళ్లుండవు. వానాకాలం ఎలా ఉంటుందో ఆ ఊరి వాడలో ముసలాయనను అడిగితే చెబుతాడు. బ్రోకరు చూపించని సంగతి అది.

కాబట్టి మొదటి పని, డబ్బు కూడబెట్టడంతో పాటు మనుషులను కూడబెట్టుకోవడం. మీరు కొనాలనుకునే దిక్కున ఒక మండలాన్ని ఎంచుకోండి, రాష్ట్రమంతా తిరగకండి. ఆ మండలంలో ఏడాదిపాటు సెలవు రోజుల్లో తిరగండి. ఊళ్లో దళితవాడకు వెళ్లి పలకరించండి. మాజీ వీఆర్ఏను, రిటైరైన సర్వేయరును, డాక్యుమెంట్ రైటరును పరిచయం చేసుకోండి. మన న్యాయవాదుల్లో సివిల్ ప్రాక్టీసు చేసేవాళ్లు ఉన్నారు. ఫీజు ఇచ్చి కాగితాలు చూపించండి, ఊరికే అడగకండి. ఫీజు ఇచ్చి అడిగితే వాళ్లూ నిలబడతారు, మీకూ నికరమైన మాట దొరుకుతుంది. పది మంది ఉద్యోగులు కలిసి చిట్టీ వేసుకుంటున్నారు కదా, ఆ పది మందే కలిసి ఒక వకీలును పెట్టుకోవచ్చు, పక్కపక్కన ప్లాట్లు తీసుకోవచ్చు.

పక్కపక్కన అని ఎందుకంటున్నానంటే, 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని ఒక సముదాయానికే పరిమితం చేసే సొసైటీ నిబంధనను తప్పుపట్టలేదు. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. పేరు చూసి దళితులకు, ముస్లింలకు ఇళ్లు ఎలా నిరాకరిస్తారో అది చూపింది. ఇల్లు కొన్నంత మాత్రాన ఇరుగుపొరుగు మారరు. నలుగురం కలిసి ఉంటే ఆ గేటు దగ్గర మాట వేరుగా ఉంటుంది.

రెండో పని కాగితం. గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. 30 ఏళ్ల ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా చూడండి. పహాణీలో, అడంగల్‌లో అనుభవదారు ఎవరో చూడండి. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది, ఆంధ్రలో మీభూమి ఉంది. కంప్యూటరులో ఉన్నదే చాలనుకోకండి, పాత రికార్డుతో సరిచూడండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అమ్మేవాడి అక్కచెల్లెళ్ల సంతకాలు అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు సవరణతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. ఆ ఆడబిడ్డలను దాటేసి కొంటే న్యాయం ప్రకారమూ తప్పే, రేపు కోర్టులోనూ తప్పే. జీపీఏ మీద అమ్మకం హక్కును బదలాయించదని 2011లో సూరజ్ లాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వెంచర్ అయితే 500 చదరపు మీటర్లు దాటితే రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రీ లాంచ్ పేరుతో అమ్మకూడదు. అగ్రిమెంట్ రాయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. రెండు గుంటలు, మూడు గుంటలు వ్యవసాయ భూమిగా రిజిస్టరు చేసిచ్చే ఫామ్ ప్లాట్లతో జాగ్రత్త. లేఅవుట్ అనుమతి లేని చోట రేపు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరకదు. రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు ఏడున్నర శాతం, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. కొన్నాక ప్రహరీ కట్టండి, ఏడాదికి రెండుసార్లు వెళ్లి చూడండి. ఇంకొకడు 12 ఏళ్లు బాహాటంగా తనదేనని అనుభవిస్తే అతనే హక్కు అడిగే రోజు వస్తుంది.

ఇప్పుడు అసలు మాట. చౌకగా వస్తుందని మీకు మొదట చూపించే భూమి చాలాసార్లు మనవాళ్లదే అయి ఉంటుంది. అసైన్డ్ భూమి. 1977 నాటి 9వ చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. కొన్నవాడికి హక్కు పుట్టదు, భూమిని తిరిగి తీసుకోవచ్చు. అయినా ఆ భూములు పేదల చేతుల్లోంచి ఎలా జారిపోయాయో 2006లో కోనేరు రంగారావు కమిటీ ప్రభుత్వానికి వివరంగా చెప్పింది. అమరావతిలో పట్టా భూమికిచ్చిన దానికంటే అసైన్డ్ భూమికి తక్కువ ప్లాట్లు ప్రకటించారు. ప్రభుత్వం ఊరికే తీసేసుకుంటుందన్న ప్రచారంతో రైతులు చౌకగా అమ్ముకున్నారన్న ఆరోపణల మీద కేసులు నడిచాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ సవరణ చేసి, పంపిణీ జరిగి 20 ఏళ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. హక్కు వచ్చిందంటే విలువ వచ్చినట్టు. ఆ విలువ ఎంతో ఆ వాడలో తెలియకముందే కొనేవాడు తెల్ల చొక్కాతో వచ్చేస్తాడు. ఆ తెల్ల చొక్కా మీది కాకూడదు. మెడలో నీలి కండువా ఉన్నంత మాత్రాన బేరం మారదు.

ఏజెన్సీ సంగతీ అంతే. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిచేసిన 1970 సవరణ, మనం 1/70 అంటున్నది, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు కొనడాన్ని నిషేధిస్తున్నాయి. దళితుడు కూడా అక్కడ గిరిజనేతరుడే. పక్కవాడి రక్షణను మనం తొక్కితే మన రక్షణ గురించి అడిగే నోరు ఉండదు.

లాభం సంగతి అడుగుతారు. ధర ఎప్పుడు పెరుగుతుందో నేను చెప్పను, చెప్పేవాణ్ని నమ్మకండి. అప్పు తెచ్చి రెండు ప్లాట్లు కొనేకంటే, కాగితం శుభ్రంగా ఉన్న ఒక్కటి చాలు. అది మీ పిల్లల ఫీజుకు, ఆసుపత్రికి, బ్యాంకు హామీకి అక్కరకొస్తుంది. మన ఇళ్లలో ఒక్క రోగం, ఒక్క చావు ఇరవై ఏళ్ల సంపాదనను ఊడ్చేస్తుంది. దానికి అడ్డుగా ఒక గోడ కావాలి, అంతే.

చివరగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ కుటుంబం పేరున ఊళ్లో ఉన్న భూమి సర్వే నంబరు ఎంత? రికార్డులో ఇవాళ ఎవరి పేరుంది? మీ తాతకిచ్చిన పట్టా కాగితం ఏ పెట్టెలో ఉంది? దళితుల భూమిని అన్యాయంగా ఆక్రమించడం, వాళ్లను వెళ్లగొట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ నేరం జరిగిందో లేదో తెలియాలన్నా ముందు ఆ నంబరు తెలియాలి. ఇక్కడ న్యాయశాస్త్రం చదివేవాళ్లున్నారు, భూగోళశాస్త్రం చదివేవాళ్లున్నారు, కంప్యూటరు తెలిసినవాళ్లున్నారు. ఈ సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ వాడలో పది ఇళ్ల రికార్డులు తీసి ఆ ఇంటివాళ్లకు చదివి వినిపించండి. కొత్త భూమి కొనడానికి కావాల్సిన చదువంతా అక్కడే దొరుకుతుంది. రేపు మీకు కబురు చెప్పే మనుషులూ అక్కడే దొరుకుతారు.

జై భీమ్.