గబ్రియేలా మిస్ట్రాల్: ఒక స్పానిషు పంతులమ్మ



స్పానిషు ఉపాధ్యాయిని యనగానే పరభాష నేర్పెడి వ్యక్తి యని మనకు తోచును. కాని దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున అత్యధికులకు స్పానిషే ఇంటి భాష. బడి భాషయు నదియే. మన ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునకు గల స్థానమే అచ్చట స్పానిషు బోధించువారికి గలదు. అట్టివారిలో ఒకామె లూసిలా గోదోయ్. గబ్రియేలా మిస్ట్రాల్ అను కలము పేరుతో 1945లో నోబెల్ సాహిత్య బహుమానము నందినది ఈమెయే. లాటిన్ అమెరికాకు ఆ బహుమానము వచ్చుట అదియే మొదలు. ఆమె కవిత్వ మెరిగినవారు కలరు. ఆమె పంతులమ్మగా గడపిన దినములను గూర్చి వినినవారు తక్కువ. గ్రంథాలయ సభలో చెప్పుకొనదగిన కథ ఈ రెండవదే.

1889లో ఎల్కీ లోయలోని వికూన్యా పట్టణమున ఆమె జన్మించెను. తండ్రియు బడిపంతులే, బిడ్డ మూడేండ్ల ప్రాయమున నుండగా ఇల్లు విడిచి పోయెను. మోంటెగ్రాండె యను కొండపల్లెలో బడి చెప్పుచుండిన అక్క ఎమెలీనా ఆమెకు అక్షరములు దిద్దించెను. పిదప వికూన్యా బడిలో చేరగా, పిల్లలకు కాగితములు పంచు పని యామెకు నప్పగింపబడెను. తోటివారు ఇష్టము వచ్చినట్లు తీసికొనిరి, లెక్క తగ్గెను, దొంగతనపు నింద ఆమెపై బడెను. వీథిలో తోటి బాలికలు రాళ్లు రువ్విరి. ఆ బడిలో ఆమె చదువు అంతటితో ముగిసెను.

అటుపిమ్మట ఆమెకు గురువులు పుస్తకములే. పదునైదేండ్లకే లా సెరేనా సమీపమున సహాయోపాధ్యాయినిగా కుదిరిన ఆ బాలికకు, బెర్నార్దో ఓసాందోన్ అను వృద్ధ పత్రికా రచయిత తన సొంత గ్రంథాలయమును తెరచి యిచ్చెను. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రి ఆమె ఆ పుస్తకములను చదువుకొనెడిది. ఉపాధ్యాయ శిక్షణాలయము తలుపు మాత్రము తెరవలేదు. పత్రికలలో ఆమె వ్రాసిన వ్రాతలు మతవిరుద్ధములని అచ్చటి మతాచార్యుడు అడ్డుపడెను. తుదకు 1910లో రాజధాని శాంటియాగోలో పరీక్షకు నిలిచి అర్హత సంపాదించెను. 1912 నుండి 1918 వరకు లోస్ ఆండెస్ బాలికల ఉన్నత పాఠశాలలో స్పానిషును, చరిత్రమును, భూగోళమును బోధించెను.

ఆమె బోధనకు ప్రాణము కథ. ఏ శాస్త్రమైనను చక్కగా చెప్పగలిగినచో పాఠములో సగము జరిగినట్లే యని 1929లో వ్రాసిన వ్యాసమున ఆమె వాదించెను. ఆకర్షకముగా కథ చెప్పలేనివారికి ఉపాధ్యాయ పట్టమే యీయరాదట! ఈ తీర్పు కొంత కఠినమే; మాట చాతుర్యము లేకున్నను పిల్లల మనస్సెరిగిన ఉపాధ్యాయులు ఎందరో కలరు. అయినను ఆమె కోరినది నాటకము కాదు. సింహమును గూర్చిన పాఠమనగా దంతములు, గోళ్లు, కుటుంబము అను పట్టికను వల్లింపజేయుట కాదు; ఆ మృగము మెలగు తీరు పిల్లల కన్నులకు గట్టవలెను. ఆ పిదప పట్టిక వచ్చినను భారముగా తోచదు.

పఠనమును గూర్చియు ఆమె మార్గము ఇట్టిదే. తొలుత జానపద కథలు, గేయములు. తరువాతనే గొప్ప గ్రంథములు. తల్లి నోట వినిన మాటకు అచ్చులో కనిపించు మాట చుట్టమని బిడ్డకు తోచవలెను. వ్యాకరణమును ఆమె త్రోసిపుచ్చలేదు. దానిని గుమ్మమున కావలి నిలిపి, పిల్లవానిని లోనికి రానీయకుండుటను మాత్రము ఒప్పుకొనలేదు. పిల్లలు చేతులు పట్టుకొని తిరుగుచు పాడుకొనుటకు తానే పాటలు కట్టెను. చిలీ పాఠ్యపుస్తకములలో ఆమె రచనలు యాభైకి పైగా చేరినవి.

1920లో తెమూకో పట్టణమున బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా నుండగా, ఆ ఊరి పదునారేండ్ల బాలుడొకడు ఆమెను చూడబోయెడివాడు. ఆమె వానికి టాల్‌స్టాయ్, దోస్తొయెవ్‌స్కీ, చెహోవ్ రచనలిచ్చి చదివించెను. ఆ బాలుడే పాబ్లో నెరూడా. 1971లో అతనికిని నోబెల్ బహుమానము వచ్చెను. ఓసాందోన్ నాడు తెరచిన తలుపు ఇంత దూరము దారి యిచ్చెను.

ఆమె తొలి గ్రంథము వెలువడిన తీరు మరియు వింత. 1921లో న్యూయార్కున కొలంబియా విశ్వవిద్యాలయమునందు ఫెదెరీకో దె ఓనీస్ ఆమె కవిత్వమును గూర్చి ప్రసంగించెను. వినిన స్పానిషు ఉపాధ్యాయులు పుస్తకమెక్కడ నని యడిగిరి. పుస్తకమే లేదు! వారి పూనికతో 1922లో ‘దెసొలాసియోన్’ అచ్చయ్యెను. అందు మన రవీంద్రుని కవితలపై ఆమె వ్రాసిన వ్యాఖ్యలును గలవు.

ఆ యేడే మెక్సికో విద్యామంత్రి వాస్కొన్‌సేలోస్ ఆహ్వానింపగా వెళ్లి, గ్రామ పాఠశాలల, గ్రంథాలయముల కార్యమున పాల్గొనెను. పైచదువులకు పోజాలని స్త్రీల కొరకు ఒక పఠనగ్రంథమును సంకలనము చేసెను. ఇంటికి పోయిన పిదప వారికి మరియొక పుస్తకము దొరకదేమో యను చింత ఆ కూర్పునందు కనబడును.

స్వదేశమున మాత్రము, విశ్వవిద్యాలయ పట్టము లేని యామెకు 1921లో రాజధానిలోని ఉన్నత పాఠశాల నెట్లు అప్పగింతురని కొందరు ఆక్షేపించిరి. స్పానిషు ఉపాధ్యాయ పట్టమును చిలీ విశ్వవిద్యాలయము 1923లో ఆమెకు ప్రసాదించెను. అప్పటికి ఆమె బడిలో అడుగిడి పందొమ్మిదేండ్లు.

1957లో ఆమె న్యూయార్కు రాష్ట్రమున మరణించెను. దక్షిణ అమెరికాలో తన పుస్తకములపై వచ్చు రాబడి మోంటెగ్రాండె పేదపిల్లలకు చెందవలెనని వీలునామాలో వ్రాసి యుంచెను.