నిప్పురవ్వకు తగిన వేళ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో మాటాడుట వాడుక. నేను పాత సరకుల బండ్ల ఇంజనులో నిప్పురవ్వ పుట్టవలసిన వేళను గూర్చి మాటాడ దలచితిని. ఇది గ్రంథాలయమునకు దూరమైన విషయము కాదని నా మనవి. ఏ విద్య పలువురి జీవనమునకు ఆధారమై యుండియు మన భాషలో వ్రాతకెక్కక నశించుచున్నదో, దానిని నిలుపుట గ్రంథాలయపు పనులలో నొకటి.

పాలకొల్లు ప్రాంతపు సరకు ఒకప్పుడు కాలువల వెంట సాగినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ధాన్యమును, కొబ్బరియు పడవలకెక్కినవి. రోడ్లు బాగుపడిన కొలది ఆ భారము లారీల మీదను, వానికంటె చిన్నవైన సరకుల బండ్ల మీదను పడినది. 1940ల చివర మహీంద్రా వారు బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చుట కారంభించిరి. 1960లలో, డ్రైవరు ఇంజను ప్రక్కనే ముందుకు కూర్చుండునట్టి ఎఫ్.సి. తరహా ట్రక్కును తయారుచేసిరి. ఈ బండ్లలో నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. 1980లలో డీజిలు ఇంజనుల వ్యాప్తి హెచ్చగా ఇవి వెనుకబడినవి. అయినను శ్రద్ధగలవారి చేతులలో అట్టివి నేటికిని అక్కడక్కడ తిరుగుచున్నవి. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. నూనెను పిచికారి చేయు పంపునకు వేళ పెట్టవలెను. పద్ధతి వేరైనను వేళ తప్పరాదను సూత్రము రెండింటికి నొక్కటియే.

ఇంజను లోపల జరుగు పని నాలుగు అడుగులది. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఆటో దీనిని ఆచరణలో పెట్టెను. పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చును. పైకెక్కుచు వానిని నొక్కును. ప్లగ్గు కడ రవ్వ పుట్టి మిశ్రమము మండగా బలముతో క్రిందికి దిగును. మరల పైకెక్కుచు పొగను వెడలగొట్టును. మిశ్రమము ఒక్క పెట్టున ప్రేలునని పెక్కురు తలంతురు. అది నిజము కాదు. ఎండుగడ్డి మీద నిప్పు ప్రాకినట్లు మంట ఒక కొస నుండి మరియొక కొసకు ప్రాకును. అందుకు కొంత కాలము పట్టును. కావున పిస్టను పైకొసను చేరిన పిదప రవ్వ పుట్టిన ఆలస్యమగును. చేరుటకు ముందే పుట్టవలెను. ఎంత ముందు అనునదియే టైమింగు.

లెక్క చూతము. ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్నచో సెకనుకు 10 చుట్లు, అనగా 3,600 డిగ్రీలు తిరుగును. అప్పుడు 5 డిగ్రీలు తిరుగుటకు పట్టు కాలము సెకనులో 720వ వంతు. అదే ఇంజను 2,400 చుట్లు తిరుగునపుడు సెకనుకు 14,400 డిగ్రీలు తిరుగును. సెకనులో 720వ వంతున 20 డిగ్రీలు దాటిపోవును. మంటకు అంతే కాలము కావలెనన్న రవ్వ 5 డిగ్రీలకు బదులు 20 డిగ్రీలు ముందు పుట్టవలెను. నిజమునకు వేగముతోపాటు సిలిండరులో సుడులు పెరిగి మంటయు త్వరపడును గనుక లెక్క ఇంత సూటిగా నుండదు. కాని వేగము హెచ్చిన కొలది రవ్వ ముందునకు జరుగవలెనను మాట స్థిరము. 2,400 చుట్ల వద్ద నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు 80 రవ్వలు. మన పంచాంగపు విఘడియ 24 సెకనులు; ఆ ఒక్క విఘడియలో 1,920 రవ్వలు, ప్రతిదియు తన వేళకే పుట్టవలెను.

పద్యము చదువుకొన్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఉత్పలమాలకు పదవ అక్షరమున, చంపకమాలకు పదునొకండవ అక్షరమున యతి. అక్షరములన్నియు మంచివైనను యతి తన తావున పడకున్న పద్యము కుంటును. అట్లే ప్లగ్గు మంచిది, పెట్రోలు మంచిది, కార్బురేటరు మంచిది; వేళ తప్పినచో బండి కుంటును.

వేగమునుబట్టి రవ్వను ముందుకు జరుపు పనిని డిస్ట్రిబ్యూటరు అడుగున నుండు రెండు చిన్న బరువులు చేయును. ఇంజను వేగము హెచ్చగా అవి స్ప్రింగులను సాగదీసి వెలుపలికి విచ్చుకొనును. మన తేమగాలికి ఇవి త్రుప్పుపట్టి బిగుసుకొనిపోవుట కలదు. అప్పుడు బండి చక్కగా స్టార్టగును గాని రోడ్డు మీద లాగదు. రోటరును అది తిరుగు దిక్కునకు చేతితో కొంచెము త్రిప్పి విడిచిన చటాలున వెనుకకు రావలెను. రాకున్నచో బరువులను శుభ్రపరచి నూనెచుక్క వేయవలెను.

వేళ తప్పిన కీడు రెండు విధములు. రవ్వ మిక్కిలి ముందు పుట్టినచో, పైకెక్కుచున్న పిస్టనును మంట ఎదురు తన్నును. మిగిలిన మిశ్రమము వేడికి తనంతటతానే అంటుకొని ఇనుప పాత్రలో గులకరాళ్లు కదిలించిన చప్పుడు పుట్టును. దానిని మెకానిక్కులు నాకింగు అందురు. ఆ చప్పుడుతోనే బరువు లాగించినచో హెడ్డు గాస్కెట్టు పోవచ్చును, పిస్టనుకు బెజ్జము పడవచ్చును. రవ్వ ఆలసించినచో చప్పుడుండదు; అందుచేతనే ఇది మోసకారి. బలము తగ్గును, పెట్రోలు వృథాయగును, మండుచున్న పొగ వెడలుటచే ఎగ్జాస్టు వాల్వులు కాలును, రేడియేటరు మరుగును. మొదటి దోషము కేకవేసి చెప్పును. రెండవది దినదినము జేబు నుండి కొంచెము కొంచెముగ హరించును.

ఇక టైమింగు పెట్టు క్రమము. దీనిని నెమ్మదిగా చెప్పుదును, వ్రాసికొనువారు వ్రాసికొనవచ్చును. ఇందలి కొలతలు విల్లీసు వంశపు ఎఫ్-134 ఇంజనువి. వేరు ఇంజనుకు దాని పుస్తకమందలి కొలతలనే వాడవలెను.

మొదట పాయింట్ల ఎడమును ఫీలరు గేజితో 0.020 అంగుళమునకు, అనగా మెకానిక్కులనెడు 20 థౌకు సరిచేయవలెను. ప్లగ్గుల ఎడము 0.030 అంగుళము. పాయింట్ల పని ఎల్లప్పుడు టైమింగునకు ముందే జరుగవలెను. ఏలయన, ఎడము పెరిగినచో పాయింట్లు ముందుగా విడిపోయి రవ్వ ముందునకు జరుగును. ఎడము తగ్గినచో వెనుకకు జరుగును. టైమింగు పెట్టిన పిదప పాయింట్లను ముట్టుకొన్నవాడు టైమింగును చెరిపినట్లే.

పిదప ఒకటవ సిలిండరు ప్లగ్గు తీసి, ఆ రంధ్రమును బొటనవ్రేలితో మూసి, తాళము తీయకుండ హ్యాండిలుతో ఇంజనును అది తిరుగు దిక్కుననే త్రిప్పవలెను. గాలి వ్రేలిని నెట్టినపుడు ఆ సిలిండరు నొక్కు అడుగులో నున్నదని తెలియును. అక్కడి నుండి మెల్లగా త్రిప్పి, పైకొసకు 5 డిగ్రీలు ముందున్న గురుతు వద్ద ఆపవలెను. గురుతు దాటిపోయినచో అంతమాత్రమే వెనుకకు త్రిప్పి సరిపెట్టరాదు. పండ్లచక్రముల నడుమ వదులు లెక్కను తప్పించును. చాలదూరము వెనుకకు పోయి మరల ముందుకు రావలెను. ఇప్పుడు రోటరు ఒకటవ ప్లగ్గు తీగ వైపు చూచుచుండవలెను. తక్కిన తీగలు రోటరు తిరుగు దిక్కుననే 1-3-4-2 వరుసలో నుండవలెను.

తరువాత ఒక చిన్న బల్బునకు రెండు తీగలు కట్టి, ఒకదానిని డిస్ట్రిబ్యూటరుకు కాయిలు నుండి వచ్చు తీగ కడను, రెండవదానిని ఇంజను ఇనుముమీదను తగిలించి తాళము త్రిప్పవలెను. పాయింట్లు మూసియున్నంతసేపు బల్బు వెలుగదు. విడిపోయిన క్షణమున వెలుగును. డిస్ట్రిబ్యూటరు మెడ బిగింపును వదులుచేసి, దాని ఒడలిని రోటరు తిరుగు దిక్కున బల్బు ఆరువరకు త్రిప్పి, తరువాత ఎదురు దిక్కున అతి మెల్లగా త్రిప్పుచు బల్బు వెలిగిన చోటనే ఆపి బిగించవలెను. పిమ్మట తాళము కట్టి, ఇంజనును హ్యాండిలుతో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, మరల తాళమిచ్చి, గురుతు వద్దనే బల్బు వెలుగుచున్నదో లేదో సరిచూడవలెను. లెక్కలు వ్రాయువాడు కూడికను క్రింది నుండి మరల కూడి చూచినట్లు ఇది.

చివర రోడ్డు పరీక్ష. మన డెల్టా సమభూమి. ఎత్తన్నది కాలువ వంతెనల మీదనే. బరువుతో వంతెన నెక్కునపుడు రవంత చప్పుడు వచ్చి వెంటనే అణగిన భయము లేదు. చప్పుడు నిలిచియున్నచో రవ్వను కొంచెము వెనుకకు జరుపవలెను.

మన నేల గాలిని గూర్చి ప్రత్యేకముగ రెండు మాటలు. మృగశిర కార్తె మొదలు గాలిలో తేమ హెచ్చును. డిస్ట్రిబ్యూటరు కప్పు లోపల చెమ్మ పట్టినచో రవ్వ ప్లగ్గునకు పోక కప్పుమీదనే ప్రాకును. పొడిగుడ్డతో తుడిచి, నెరియలు కలవేమో వెలుతురున చూడవలెను. నరసాపురము వైపు సముద్రపు ఉప్పుగాలి, చేపల రొయ్యల పెట్టెల నుండి ఒలుకు నీరు చాసిస్‌ను తినివేయును. బ్యాటరీ ఎర్తు తీగ బిగింపు అచ్చటనే పాడగును. రవ్వ బలహీనమైన కాయిలును నిందించుటకు ముందు ఎర్తును గీకి బిగించి చూడుడు. రైసుమిల్లుల ఊకదుమ్ము, కొబ్బరి పీచు ఎయిరు క్లీనరును మూసివేయును. కాలువనీటి ఒండ్రు రేడియేటరు గొట్టములను పూడ్చును. ఈ దోషములలో ప్రతిదియు టైమింగు దోషమువలె నటించును.

మరియొక క్రొత్త సంగతి పెట్రోలును గూర్చి. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయినది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. చెరకు, మొక్కజొన్నలతోపాటు నూకల నుండియు దానిని తీయుదురు గనుక, మన చేని గింజయే మన బండి ట్యాంకులో నుండవచ్చును. ఇథనాలు నాకింగును అణచును, ఇది గుణము. కాని లీటరుకు దాని శక్తి పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. పాత కార్బురేటరు జెట్టు దీనిని ఎరుగదు, మిశ్రమము పలుచనగును. పాత రబ్బరు గొట్టములను, పంపు డయాఫ్రమును ఇథనాలు చెరచును. తేమను పీల్చుట దాని స్వభావము; నెలలతరబడి కదలని బండి ట్యాంకున నీరు చేరి త్రుప్పు పుట్టును. కావున పాత బండి కలవారు ఇథనాలునకు తాళు గొట్టములను వేయించుకొనవలెను, బండిని తరచు నడుపవలెను, ప్లగ్గు కొసను చూచుచుండవలెను. లేత గోధుమవన్నె క్షేమము. తెల్లబారినచో మిశ్రమము పలుచనైనదని గుర్తు.

బండికొక చిట్టా ఉండవలెనని నా గట్టి అభిప్రాయము. తేదీ, మీటరు అంకె, పోసిన పెట్రోలు, మార్చిన ఆయిలు, పాయింట్ల ఎడము, టైమింగు చూచిన దినము, ఇంతియే చాలును. మన ప్రాంతమున కొబ్బరి తోలు బండి యొకటి క్రమముగ బలము తగ్గగా, యజమాని ప్లగ్గులు మార్చెను, కార్బురేటరు మార్చెను, తుదకు ఇంజను విప్పవలెనని విని అప్పునకు సిద్ధపడెను. దోషము డిస్ట్రిబ్యూటరు మెడ బిగింపు వదులగుట. ఒక మర బిగించిన తీరినది. చిట్టా యున్నచో లీటరుకు వచ్చు మైళ్లు ఏ వారమున తగ్గినవో తెలిసెడిది; ఆ వారము ఏమి జరిగెనో అడిగియుందురు. ఆ బండి మీద రెండు కుటుంబములు బ్రదుకుచున్నవి. అప్పు పుట్టియున్నచో ఆ ఇండ్లలో ఎవరి చదువు ఆగియుండెడిదో ఊహింపవచ్చును.

పాతబండి నెల్ల కాలము నడుపుమని నా మాట కాదు. బ్రేకులు, స్టీరింగు నమ్మదగినవి కానిచో టైమింగు ఎంత సొగసుగ నున్నను ఆ బండి రోడ్డెక్కరాదు. నల్లపొగ క్రక్కుచు ఊరివారి ఊపిరి చెరచు బండికిని నేను వకాల్తా పుచ్చుకొనను. వేళ తప్పిన బండిని ముసలిదనుకొని ఇనుము కొట్టునకు తోలుటయే అన్యాయమనుచున్నాను.

చెవితోనే టైమింగు చెప్పగల మేస్త్రీలు మన చుట్టుప్రక్కల ఇంకను కొందరు కలరు. నేటి బండ్లలో రవ్వ వేళను ఎలక్ట్రానిక్ యంత్రమే నిర్ణయించును. పాయింట్లు లేవు, త్రిప్పవలసిన డిస్ట్రిబ్యూటరు లేదు. అందుచే ఆ విద్య నేర్వ వచ్చు శిష్యులు అరుదైరి. ఇంజనుల పుస్తకములు ఇంగ్లీషున నున్నవి. ఆ మేస్త్రీల అనుభవము తెలుగున నున్నది, కాని కాగితము మీద లేదు. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయము నడిపి, చదువరి కడకే పుస్తకమును చేర్చిరి. మనము నేడు షెడ్డు కడకు నోటుబుక్కు తీసికొని పోవలెను. మేస్త్రీ చెప్పినది చెప్పినట్లు, ఆయన మాటలలోనే వ్రాసికొని, కొలతలను సరిచూచి, ఈ గ్రంథాలయపు బీరువాలో కావ్యముల సరసనే ఉంచవలెను. ఆ పుస్తకమునకు జిడ్డుచేతుల మరకలు పడినచో అదియే దానికి గౌరవము.

రవ్వకువలెనే ఈ పనికిని తగిన వేళ యొకటి కలదు. చెప్పగలవారు మన మధ్య నున్న దినములే ఆ వేళ. కార్యవర్గము వారు ఈ ఏడాదియే దీనిని తలపెట్టుదురు గాక యని ప్రార్థించుచున్నాను.